పాసుబుక్కులో లేని రైతు

చనిపోయిన స్త్రీలను మనం చాలా తొందరగా దేవతలను చేస్తాం. ‘భూదేవంత ఓర్పు’, ‘అందరికీ తల్లి’, ‘తన కోసం ఏనాడూ ఏమీ అడగలేదు’ - పెద్ద వ్యవసాయ కుటుంబాల ఆడవాళ్ళు పోయినప్పుడు మన పల్లెల్లో వినపడే మాటలివి. చొప్పదండి మండలంలోని మా ఊళ్ళో మా పెద్దత్త పోయినప్పుడూ ఇవే మాటలు విన్నాను. ఇవి అబద్ధాలు కావు. కానీ ‘ఏమీ అడగలేదు’ అన్నదాన్ని ఒక సుగుణంగా చెప్పుకోవడం దగ్గరే నాకు పేచీ. ఎందుకు అడగలేదు? అడిగితే ఏమయ్యేది? అసలు ఆమెకు రావలసింది ఎంత? ఈ లెక్క చూడకుండా ఆమెను తలుచుకుంటే అది సగం తలుచుకోవడమే.

మా తాతకు ఎనిమిది మంది పిల్లలు. అయిదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. అందరికన్నా పెద్దది పెద్దత్త. పద్నాలుగేళ్ళకు పెళ్ళి చేశారు. ఇరవై ఏళ్ళకు భర్త పోయాడు. పిల్లలు లేరన్న వంకతో అత్తగారివాళ్ళు ఉత్త చేతులతో పంపించారు. పుట్టింటికి వచ్చేసరికి నాయనమ్మ లేదు. చిన్న తమ్ముడికి నాలుగేళ్ళు. అప్పటి నుంచి ఆ ఇల్లు, ఆ పొలం ఆమెవే అయ్యాయి - చాకిరీకి.

ఆమె చేసిన పనిని ‘ఇంటిపని’ అనడం అన్యాయం. మోట కొట్టే రోజుల్లో తెల్లవారకముందే బావి దగ్గర ఉండేది. మడికి నీళ్ళు మళ్ళించేది ఆమె. నారు ఎప్పుడు పోయాలో, ఏ చెలకలో పెసర వెయ్యాలో చెప్పేది ఆమె. మక్క కంకులు ఏరి దూలానికి వేలాడదీసి, కందులకు బూడిద పట్టించి, కుండల్లో వేపాకు వేసి, మరుసటేటికి విత్తనం దాచేది ఆమె. పసుపు ఉడకబెట్టే రోజుల్లో రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చి వరి పెరిగాక మగవాళ్ళకు మోట బాధ తప్పింది. ఆడవాళ్ళకు మాత్రం నాట్లు, కలుపు రెండింతలయ్యాయి. బాయి కాడ ఏ నిర్ణయం కావాలన్నా మా చిన్నాయనలు ‘అక్కనడుగుండ్రి’ అనేవాళ్ళు. రైతు అంటే ఇంకెవరు?

కానీ ఏ కాగితంలోనూ ఆమె రైతు కాదు. పహాణీలో లేదు, పట్టాలో లేదు. 2018 మే 10న మన కరీంనగర్ జిల్లా హుజురాబాద్ దగ్గరే రైతుబంధు మొదలుపెట్టారు. ఎకరానికి పంటకు 4,000 రూపాయల చెక్కులు పట్టాదారుల పేర రాశారు. ఆ ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. భూమి లేకుండా భూమి దున్నే స్త్రీ పోతే అది రైతు మరణం కాదన్నమాట. పెద్దత్త పేరున్న ప్రభుత్వ పుస్తకం పింఛనుది ఒక్కటే. 2014లో ఆసరా కింద వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు. అరవై ఏళ్ళు మట్టిలో పనిచేసిన మనిషిని రాజ్యం వితంతువుగా మాత్రమే గుర్తించింది.

ఇక లెక్కకు వద్దాం. మా తాత 1974లో పోయాడు. పిత్రార్జితం 24 ఎకరాలు. వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముందు తండ్రికీ అయిదుగురు కొడుకులకూ ఆరు వాటాలు వెయ్యాలి, తలా 4 ఎకరాలు. తండ్రి వాటా 4 ఎకరాలను ఎనిమిది మంది పిల్లలకూ సమానంగా పంచాలి. అంటే కొడుక్కి నాలుగున్నర ఎకరాలు, కూతురికి 20 గుంటలు. చట్టమే ఇంత పక్షపాతంతో ఉంది. ఆ 20 గుంటలు కూడా ఆమెకు రాలేదు. పెద్దమనుషులు కూర్చుని అయిదు భాగాలు చేశారు. ఆమె భాగం సంవత్సరానికి రెండు చీరెలు. భర్త వాటాలో భార్యకు అదే చట్టం ఇచ్చిన హక్కు గురించి ఎవరూ నోరెత్తలేదు.

1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూతుళ్ళకు పుట్టుకతోనే వాటా ఇస్తూ చట్టాన్ని సవరించింది. మనమంతా సంతోషించాం. కానీ అది 1985 సెప్టెంబర్ 5కు ముందే పెళ్ళయిన వాళ్ళకు వర్తించదు. పద్నాలుగేళ్ళకు ఆమెను అడగకుండా చేసిన పెళ్ళి ఆమె హక్కుకు అడ్డం వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా ఆ అడ్డం తీసేశారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర లేదని, నోటిమాట పంపకాలను తేలిగ్గా ఒప్పుకోరాదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది. సమాన వాటా అయితే ఎనిమిది మందికీ మూడేసి ఎకరాలు. కానీ అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్ళు. 1974లో జరిగిన పంపకాన్ని ఆ వయసులో తిరగదోడేది ఎవరు?

ఆమెతో ఈ మాట ఎత్తితే నవ్వేది. “తమ్ముండ్లు నా కండ్లు బిడ్డా. కండ్లతోని ఎవలన్న కొట్లాడుతరా?” అనేది. ఈ మాటను ఆమె త్యాగానికి సాక్ష్యంగా చెప్తారు. నాకు ఇందులో భయం కూడా వినిపిస్తుంది. వాటా అడిగిన ఆడబిడ్డకు పుట్టింటి తలుపు మూసుకుంటుందని తెలిసిన భయం అది. తమ్ముళ్ళు ఆమెను ప్రేమించలేదని నేను అనను. నిజంగానే ప్రేమించారు. అయితే ప్రేమ వాటాకు బదులు కాదు. ఆఖరి పదేళ్ళు ఆమెను నెలకొకరింట్లో ఉంచుకున్నారు. భూమిలో వంతు లేని మనిషి చివరికి తానే వంతులకు వచ్చింది. ఆ 20 గుంటలు ఆమె పేర ఉంటే ఆ ఇళ్ళల్లో ఆమె కూర్చునే తీరు వేరుగా ఉండేది.

ఇంకో మాట చెప్పకపోతే ఇది మా ఇంటి గొడవగానే మిగిలిపోతుంది. పెద్దత్తతో పాటు అదే మడిలో వంగి నాట్లేసిన మాదిగ, మాల ఆడవాళ్ళకు పంచుకోవడానికి 24 ఎకరాలూ లేవు, అర ఎకరమూ లేదు. కూతుళ్ళ వాటా గురించి మాట్లాడే మనం భూమిలేని స్త్రీల పట్టా గురించి అంతే గట్టిగా మాట్లాడాలి. ఐలమ్మ విగ్రహాలకు దండలు వేస్తున్నాం. ఆమె కొట్లాడింది భూమి కోసం, పంట కోసం అని మరిచిపోవద్దు.

తలుచుకోవడం కూడా ఒక పనే. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన కూర్చుని రాసుకోకపోతే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చేది కాదు. మన ఊళ్ళల్లోని ముసలివాళ్ళ దగ్గర ఇప్పుడే కూర్చోవాలి. ఏ పని చేశారు, ఏ భూమిలో చేశారు, పంపకాల్లో ఏం జరిగింది - వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఇది జ్ఞాపకమే కాదు, రేపు హక్కు అడగడానికి ఆధారం కూడా.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలతో, బ్యానర్లతో దాన్ని సరిపెట్టనివ్వకూడదు. 2007 జాతీయ రైతు విధానం భూమి పట్టా లేకున్నా సాగుచేసే వాళ్ళు రైతులేనని ఒప్పుకున్నది. దాన్ని రైతుబీమాకు, పెట్టుబడి సాయానికి వర్తింపజేయాలని అడగాలి. 2027 జనాభా లెక్కల మనిషి ఇంటికి వచ్చినప్పుడు ‘ఏం పని చేస్తది?’ అంటే ‘ఇంట్లనే ఉంటది’ అని మగవాళ్ళు చెప్పకముందే స్త్రీలే ‘ఎవుసం చేస్త’ అని రాయించుకోవాలి. హక్కు విడుదల కాగితం మీద వేలిముద్ర పెట్టేముందు ప్రతి ఆడబిడ్డకూ అందులో ఏముందో చదివి చెప్పే మనిషి ఒకరు సంఘం నుంచి ఉండాలి. ఈ పనులకు పెద్ద నిధులు అక్కర లేదు.

దినాల నాడు కట్టిన ఫ్లెక్సీ మీద పెద్దత్త ఫోటో కింద, ఆమె ఆరేళ్ళు కాపురం చేసిన భర్త పేరు రాసి ‘గారి ధర్మపత్ని’ అని వేశారు. అక్కడ ‘రైతు’ అన్న రెండక్షరాలు రాసే రోజు కోసమే మన పని.