తాబేలు తినట్లేదా? డబ్బా కాదు, దీపం మార్చండి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు అపార్టుమెంట్లలో కుక్క కన్నా తాబేలు తేలిక అనుకునేవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు. మొరగదు, లిఫ్టులో పక్కింటివాళ్ళతో గొడవ రాదు, పైగా ఇంటికి కలిసొస్తుందని ఓ నమ్మకం. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద పిల్ల, ఒక గాజు గిన్నె, ఒక గుళికల డబ్బా... అంతే సరంజామా. కొన్నాళ్ళు తిరిగేసరికి "ఏమీ తినట్లేదండీ, వేరే గుళికలు మార్చమంటారా?" అని మొదలు.

సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి నాకొచ్చిన భాషలోనే చెప్తాను. తిండి మానెయ్యడం ఎర్రర్ మెసేజి మాత్రమే. బగ్ ఇంకెక్కడో ఉంటుంది.

తాబేళ్ళు, తొండలు మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. బయట వేడి ఉంటేనే వాటికి అరుగుదల. మన దగ్గర దొరికేది ఎక్కువగా రెడ్ ఇయర్డ్ స్లయిడర్, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతపు జీవి. నీళ్ళలోంచి పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకోడానికి దానికో పొడి చోటు కావాలి, అక్కడ 32 డిగ్రీల దాకా వేడి ఉండాలి. గిన్నెలో ఆ చోటే ఉండదు. డిసెంబరు రాత్రుల చలికి ఆ నీళ్ళు చల్లబడితే ఇక ఆకలెక్కణ్ణించొస్తుంది?

రెండోది ఎండ. యూవీబీ కిరణాలు తగిలితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారై కాల్షియం వంటబడుతుంది. "కిటికీ పక్కనే పెట్టామండీ" అంటారు. కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది! డిప్ప మెత్తబడ్డానికి అసలు కారణం చాలాసార్లు అదే. కళ్ళు వాచి మూసుకుపోతే విటమిన్ ఎ లోపం కావచ్చు, ఇన్ఫెక్షను కావచ్చు. సొంతంగా చుక్కల మందు వెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. తాబేళ్ళని చూసే డాక్టరు దగ్గర్లో ఉన్నాడో లేడో కొనకముందే కనుక్కోవాలి.

బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండదీ ఇదే కథ. అది ఎండ కాచుకునే చోట 40 డిగ్రీల దగ్గరుండాలి. చలికాలంలో పెద్దవి కొన్ని వారాలు తిండి తగ్గించి మగతగా పడుంటాయి, అది జబ్బు కాకపోవచ్చు. తేడా తెలియాలంటే దానికోసం విడిగా ఓ చిన్న కాటా పెట్టుకుని వారానికోసారి బరువు రాసుకోండి. నిలకడగా ఉంటే ఫరవాలేదు. తగ్గిపోతున్నా, కాళ్ళు వణుకుతున్నా ఆగొద్దు.

నాకు మండేది ఎక్కడంటే, అమ్మేవాడు గిన్నె అమ్ముతాడు గానీ దీపం సంగతి ఎత్తడు. ఖర్చు లెక్కేసి చెబితే కొనేవాడు పారిపోతాడు కదా. ఆ బుల్లి పిల్ల దాదాపు అడుగు దాకా పెరగగలదు, 30 ఏళ్ళు బతకగలదు. అది తెలిశాక కొందరు సంచిలో వేసుకెళ్ళి చెరువులో వదిలి పుణ్యం అనుకుంటారు. ప్రపంచంలో అతి హానికరమైన 100 పరాయి జీవుల జాబితాలో ఉన్న ప్రాణి అది. సరూర్‌నగర్ చెరువులో వదిలినా, ఇంకో చెరువులో వదిలినా అక్కడి తాబేళ్ళ తిండికీ చోటుకీ పోటీకొస్తుంది. యూరోపియన్ యూనియన్ 1997లోనే దీని దిగుమతి ఆపేసింది. అమెరికాలో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ళని పెంపకానికి అమ్మడం 1975 నుంచీ నిషేధం, పిల్లలకి సాల్మొనెల్లా అంటుకుంటోందని. ఇక మన నక్షత్ర తాబేలంటారా, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

"కుక్కల్ని మాత్రం అందరూ సరిగ్గా చూస్తున్నారా?" అనొచ్చు. లేదు. కానీ కుక్క ఆకలేస్తే అరుస్తుంది, నొప్పేస్తే మూలుగుతుంది. తాబేలు నెలల తరబడి చప్పుడు చెయ్యకుండా చస్తుంది. మనమేమో "భలే బుద్ధిమంతురాలు" అనుకుంటాం.

కాబట్టి తాబేలు కావాలనుకునేవాళ్ళు ముందు ట్యాంకు, దీపాలు, థర్మామీటరు కొని నెల్లాళ్ళు ఖాళీగా నడపండి. కరెంటు బిల్లు చూసుకోండి. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చి చూడండి. అప్పటికీ ఓపికుంటే సరే. ఇప్పటికే ఇంట్లో ఉందా? గుళికల డబ్బా పక్కన పెట్టి, ముందు ఆ నీళ్ళలో థర్మామీటరు ముంచండి.