ఐదో పేరు

పోయిన నెల టెక్ ఫెస్ట్‌లో మా లైన్ ఫాలోవర్ రోబోకి రెండో బహుమతి వచ్చింది. ఆ రాత్రి సర్టిఫికెట్ ఫొటో స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారో ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో లెక్కలేదు. రోబో చేసిన మూడు వారాల్లో కూడా దేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు!

అందుకే నాకు గ్రిగొరీ పెరెల్మాన్ అంటే కాస్త భయం. 1904లో ప్వాంకరే వేసిన ప్రశ్న దాదాపు వందేళ్లు ఎవరికీ లొంగలేదు. దాన్ని ఛేదించిన ఈ సెయింట్ పీటర్స్‌బర్గ్ మనిషి 2002 నవంబరులో మొదటి పేపరుని ఆర్కైవ్‌లో పెట్టి ఊరుకున్నాడు. ఏ జర్నల్‌కీ పంపలేదు. పేపరు శీర్షికలో ప్వాంకరే మాటే లేదు. (మనమైతే ముందు పోస్టర్ చేయించేవాళ్లం.) 2006లో ఫీల్డ్స్ మెడల్ ఇస్తామంటే వద్దన్నాడు. 2010లో క్లే సంస్థ పది లక్షల డాలర్లు ఇస్తామంటే అదీ వద్దన్నాడు.

తమాషా ఏంటంటే, ఆ ఏడు మెడల్ తీసుకున్న ముగ్గురిలో టెరెన్స్ టావో తప్ప ఇంకొకరి పేరు నాకు గుర్తు రావట్లేదు. వద్దన్నవాడి పేరు మాత్రం మర్చిపోను. వెంటపడేవాడిని వదిలేసి, తలుపేసుకున్నవాడి ఇంటి ముందు కెమెరాలు పెట్టడం మనుషుల తీరు.

ఇలాంటివాళ్లని మనం వెంటనే ఋషుల్ని చేసేస్తాం. నేనొప్పుకోను. క్లే బహుమతి వద్దంటూ ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, రిచర్డ్ హామిల్టన్ కృషి తనదానికన్నా తక్కువేం కాదని. తను వాడిన రిచీ ఫ్లో పద్ధతిని 1982లో మొదలుపెట్టింది హామిల్టనే మరి. అంటే ఆయనకి పేరంటే లెక్కలేక కాదు. లెక్క ఎక్కువ ఉండబట్టే, పంపకం తప్పితే ఊరుకోలేకపోయాడు.

ఇది చదివాక నా సర్టిఫికెట్ వైపు చూడబుద్ధి కాలేదు. పోటీ ముందు రాత్రి మా రోబో మలుపు దగ్గర గీత వదిలేసి పోతుంటే, పక్క రూమ్ జూనియర్ వచ్చి తెల్లారేదాకా కూర్చుని పీఐడీ విలువలు సరిచేశాడు. రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయిందన్న మాట నిజమే. కానీ స్టేటస్‌లో నాలుగు పేర్లు రాసినవాడికి ఐదో పేరు రాయడానికి ఏ రూలూ అడ్డురాలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. జూనియర్ చేస్తే నడిచిందంటే నా పేరు చిన్నదైపోతుందేమో అనిపించింది, అంతే.

ఏడో క్లాసులో పాడైన టేప్‌రికార్డర్ మోటారు ఊడదీసి బ్యాటరీకి కలిపితే గిర్రున తిరిగింది. చూడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు. అయినా గంతులేశాను. ఇంజినీర్ కావాలనుకున్నది ఆరోజే. ఆ సంతోషానికి సాక్షులు ఎప్పట్నుంచి అవసరమయ్యారో ఎంత ఆలోచించినా తెలియట్లేదు.

మొన్న వాడికి ఈ సంగతంతా చెబితే, "పోనీలే అన్నా, మలుపు తిరిగింది కదా" అని నవ్వేశాడు. ఆ నవ్వుతో నా పని ఇంకా కష్టమైంది. ఇదే సంచికలో ఫెస్ట్ ఫలితాల పేజీ ఉంది. మా టీమ్ దగ్గర ఐదో పేరు చేర్చమని ఎడిటర్‌ని అడిగాను. ఆ అబ్బాయి సరేనంటేనే వేస్తామన్నారు. వాడింకా ఏమీ చెప్పలేదు.