అలిగిన రోజు

పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు తెలంగాణ ఇళ్లలో రెండు పనులుంటాయి. పొద్దున పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఎప్పుడో పోయిన తల్లి గుర్తొచ్చి కొంగుతో కళ్లొత్తుకునే పెద్దావిడలు ప్రతి వాడలోనూ ఉంటారు. పొద్దు వాలాక వాళ్లే తంగేడు, గునుగు పేర్చిన ఎంగిలిపూల బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. అంతవరకు పదిహేను రోజులు మహాలయ పక్షం. పెళ్లి మాటలుండవు, గృహప్రవేశాలుండవు.

ఏడుపుకూ ఆటకూ మధ్య ఒక్క పూట కూడా ఎడం లేదు. అసలు బతుకమ్మ గురించి చెప్పుకునే కథల్లో ఒకటి మొదలయ్యేదే చావులతో. ధర్మాంగదుడనే రాజు యుద్ధంలో నూరుగురు కొడుకులను పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత పుట్టిన ఆడబిడ్డనే బతకమని దీవిస్తారు.

ఈ పండగలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఏదో మైల తగిలి అమ్మ అలిగిందంటారు. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు, ఆట లేదు. తొమ్మిది రోజుల పండగ నడిమధ్యన ఒక రోజును ముభావానికి వదిలేయాలని ఏ ఇల్లాలికి తోచిందో గానీ, ఆమెకు మనుషులు బాగా తెలుసు. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. చేదు పేరులోనే తప్ప పంటికి తగలదు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో చాలాచోట్ల పండగ ఒక్క సాయంత్రానికి కుదించుకుపోయింది. మైకు, పట్టుచీరలు, ఫొటోలు. అలిగిన రోజుకు అందులో చోటెక్కడిది? ఉగాది పచ్చడిని చూపించి మేం చేదునూ తింటాం కదా అనకండి. గిన్నెడు బెల్లప్పులుసులో వేపపువ్వు నాలుగు రేకులు వేసి తాగేవాళ్లమే అందరం.

మనుషులతోనూ అలాగే ఉంటున్నాం. తండ్రి పోయి నెల తిరగని వాణ్ని పట్టుకుని "ఇంకా ఇలాగే ఉంటే ఎలారా, నలుగురిలోకి రా, నవ్వు" అంటాం. వాడి బాగు కోసమే అనుకుంటాం. నిజానికి వాడి మొహం చూస్తూ కూర్చోలేక అనే మాటది. పరీక్ష తప్పిన పిల్లకు ఆ సాయంత్రమే స్ఫూర్తి ప్రసంగాల వీడియోలు పంపుతాం. ఆ ఒక్క రాత్రయినా దాన్ని ఏడవనిస్తే ఏం పోయింది?

అలాగని ప్రతి దిగులునూ దానంతటదే పోతుందని వదిలేయమనడం లేదు. అలక ఒక రోజుది, మహాలయం పదిహేను రోజులది. వారాలు గడుస్తున్నా తిండి సయించక, నిద్రపట్టక, బతుకు మీదే విసుగు పుడితే అది జబ్బు. దానికి డాక్టరున్నాడు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. "నవ్వు" అని చెప్పే బదులు ఆ నంబరు రాసివ్వండి, వీలైతే ఫోన్ కలిపేదాకా పక్కనే కూర్చోండి.