చిట్కా వైద్యంతో కక్ష్య చేరలేం

"మొదట నిట్టనిలువుగా 10 కిలోమీటర్లు పోనివ్వు, అక్కడ తూర్పుకి 45 డిగ్రీలు వంచు." కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆట మొదలుపెట్టిన కొత్తవాళ్ళ చెవిలో ఎవరో ఒక సీనియర్ ఊదే మొట్టమొదటి మంత్రం ఇది. దీనికి కాలం చెల్లి పదేళ్ళు దాటింది. అయినా జపిస్తూనే ఉన్నారు. అందుకే ఈ టపా. కొంచెం ఘాటుగానే ఉంటుంది, చిట్కాలు పంచిపెట్టే మిత్రులు నొచ్చుకుంటే నేనేం చెయ్యలేను :)

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మెక్సికోలోని స్క్వాడ్ అనే కంపెనీ తయారుచేసింది. 2011లో మొదటిసారి జనంలోకి వచ్చింది, 1.0 వెర్షన్ 2015 ఏప్రిల్‌లో వచ్చింది. కెర్బిన్ అని ఓ చిన్న గ్రహం, దాని మీద ఆకుపచ్చ బుడతలు. విడిభాగాలు పేర్చి రాకెట్ కట్టాలి, మనమే నడపాలి. తుపాకుల్లేవు, శత్రువుల్లేరు. ఉన్న శత్రువల్లా న్యూటన్ ఒక్కడే. (రెండో భాగం 2023లో సగంసగంగా వచ్చి, పూర్తికాకుండానే 2024లో ఆగిపోయింది. దాని గురించి ఏడవడానికి వేరే టపా కావాలి. ఇక్కడ మాట్లాడేది మొదటి ఆట గురించే.)

సరే, విషయానికొద్దాం. ఆ 10 కిలోమీటర్ల చిట్కా ఎక్కడ పుట్టింది? 1.0కి ముందు ఈ ఆటలో గాలి లెక్క చాలా మొరటుగా ఉండేది. గాలి నిరోధం రాకెట్ ఆకారాన్ని బట్టి కాకుండా బరువుని బట్టి లెక్కేసేవారు. కింది పొరల్లో గాలి ముద్దపప్పులా ఉండేది. ఆ పప్పులోంచి ముందు బైటపడి తర్వాత పక్కకి తిరగడమే లాభం. అందుకని 10 కిలోమీటర్ల దాకా నిలువు. అప్పట్లో కక్ష్య చేరాలంటే మొత్తం మీద సెకనుకి 4,500 మీటర్ల డెల్టా-వి, అంటే అంత వేగం మార్చుకోగల ఇంధనం కావాల్సొచ్చేది. 1.0లో గాలి లెక్కని తిరగరాశారు. ఇప్పుడు సుమారు 3,400 చాలు. కానీ ఇప్పుడు 10 కిలోమీటర్ల ఎత్తుకి చేరేసరికే రాకెట్ ధ్వని కంటే వేగంగా పోతూ ఉంటుంది. అలాంటిదాన్ని ఒక్కసారిగా 45 డిగ్రీలు వంచితే గాలి పక్కనుంచి ఈడ్చి కొడుతుంది. రాకెట్ పల్టీ కొడుతుంది. కొత్తవాడు బిక్కమొహం వేస్తాడు.

ఇలాంటిదే ఇంకోటి, "ముక్కుకి కోన్ పెట్టడం దండగ" అని. ఇదీ ఒకప్పుడు నిజమే! బరువుని బట్టి నిరోధం లెక్కేసే రోజుల్లో కోన్ పెడితే బరువు పెరిగి నిరోధం కూడా పెరిగేది. ఇప్పుడు ఆకారానికి విలువుంది కాబట్టి కోన్ పెట్టకపోతేనే దండగ.

గమనించారా? ఈ చిట్కాలు అబద్ధాలు కావు. పుట్టిన రోజున నిజాలే. చేతులు మారే దారిలో "ఎందుకు" అన్నది రాలిపోయి "ఏం చెయ్యాలి" అన్నది మాత్రం మిగిలింది. కారణం పక్కనే ఉండి ఉంటే, గాలి లెక్క మారిన రోజునే చిట్కా కూడా చచ్చిపోయేది. కారణం లేని చిట్కా లేబుల్ ఊడిపోయిన మందు సీసా లాంటిది. లోపల ఏముందో, ఎప్పటిదో తెలీదు, అయినా ఇంటిల్లిపాదికీ పోస్తూనే ఉంటాం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఈ ఆటలో పడ్డాడు. ఓ రోజు లంచ్ టైములో వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, గైడ్‌లో చెప్పినట్టే చేశా. 10 కిలోమీటర్ల దగ్గర తిరగబడింది. బూస్టర్లు చాలలేదేమో, ఇంకో నాలుగు పెట్టనా?"

"ఎందుకు తిరగబడిందో చూశావా?"

"అది గైడ్‌లో లేదన్నా."

ఈ జవాబు దగ్గరే నాకు కాలింది. కుర్రాడి మీద కాదు, తెలివైనవాడే. వాడికి ఆ గైడ్ ఇచ్చినవాళ్ళ మీద. ఎదురుగా రాకెట్ పల్టీ కొడుతుంటే, దానికేసి చూడకుండా కాగితంకేసి చూడ్డం నేర్పారు.

బాణానికి ఈకలు వెనకెందుకుంటాయి అని అడిగాను. కాసేపు ఆలోచించి వాడే చెప్పాడు: బరువు ముందు, గాలి పట్టేది వెనక ఉంటే తిన్నగా పోతుందని. అంతే! ఆ సాయంత్రం రాకెట్ అడుగున నాలుగు ఫిన్లు పెట్టాడు, బూస్టర్లు పీకేశాడు. బయల్దేరిన కాసేపటికే, సెకనుకి 80 మీటర్ల వేగం దగ్గర కొద్దిగా తూర్పుకి వంచి, తర్వాత రాకెట్ పోతున్న దిక్కునే ముక్కు ఉంచుతూ మెల్లగా వాలనిచ్చాడు. మూడో ప్రయత్నానికి కక్ష్య. మర్నాడు ఆఫీసులో వాడి మొహం చూడాలి!

ఆ "ఇంకో నాలుగు బూస్టర్లు" సంగతి కూడా తేల్చేద్దాం. ఈ ఆటలో అందరికంటే ఎక్కువగా వినబడే సలహా ఇదే, సరదాగా అన్నా సీరియస్‌గా అన్నా. దీనికి విరుగుడు సియోల్కోవ్‌స్కీ 1903లోనే ప్రచురించాడు. ఓ చిన్న లెక్క చూడండి. ఖాళీ రాకెట్ బరువు 10 టన్నులు, వాయువు బైటికొచ్చే వేగం సెకనుకి 3,000 మీటర్లు అనుకోండి. 10 టన్నుల ఇంధనం పోస్తే వచ్చే వేగం సుమారు 2,080 మీటర్లు. ఇంకో 10 టన్నులు పోస్తే అదనంగా వచ్చేది 1,216. మరో 10 టన్నులకి 863. అంటే, ప్రతి కొత్త టన్నూ తనకంటే ముందున్న ఇంధనాన్ని మోసుకుపోవడానికే సగం చచ్చిపోతుంది. పెద్ద ట్యాంకుల బరువు ఇంకా లెక్కలో వెయ్యలేదు. అందుకే ఖాళీ అయిన ట్యాంకుల్ని మధ్యలో వదిలేసే స్టేజింగ్ పుట్టింది. ఇది ఒక్కసారి బుర్రకెక్కితే కొత్తవాడు బూస్టర్లు తగిలించడం మానేసి పైన అనవసరంగా ఏం మోస్తున్నామా అని చూసుకుంటాడు.

"ఆట గురించి ఇంత గొడవెందుకు బాబూ?" అంటారు. చెప్తాను. మనం చదువుకున్న పద్ధతి కూడా ఇదే కాబట్టి. మేం ఎంసెట్ రాసిన రోజుల్లో కక్ష్యా వేగం సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు మా క్లాసులో. పలాయన వేగం దానికి రూట్ రెండు రెట్లు, బిట్ పేపర్‌లో పది సెకన్లలో టిక్కు. అదే జనాన్ని "మరి ఉపగ్రహం కింద పడదేం?" అని అడగండి. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదా" అనేవాళ్ళు ఇంజినీరింగ్ డిగ్రీ పుచ్చుకున్నవాళ్ళలో ఎంతమందో! 400 కిలోమీటర్ల ఎత్తున అంతరిక్ష కేంద్రం తిరిగేచోట కూడా నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం గురుత్వాకర్షణ ఉంటుంది. అది పడుతూనే ఉంది, కాకపోతే పక్కకి ఎంత వేగంగా పోతోందంటే భూమి వంపు తిరిగిపోవడంతో నేల అందట్లేదు.

ఈ ఆటలో ప్రతివాడి మొదటి అనుభవమూ ఇదే. నిలువుగా పైకి కొడతాడు. 70 కిలోమీటర్లు దాటి, వాతావరణం అయిపోయి, నల్లటి ఆకాశం వస్తుంది. గెలిచాననుకుంటాడు. నిమిషాల్లో మళ్ళీ నేల మీదకి. కక్ష్య అంటే ఎత్తు కాదు, పక్కకి సెకనుకి 2,280 మీటర్ల వేగం అని (80 కిలోమీటర్ల ఎత్తున) ఆ పడిపోవడమే నేర్పుతుంది. ముందుగానే ఓ చిట్కా ఇచ్చి వాడిని పడకుండా చేశారనుకోండి, వాడి ఎంసెట్ బిట్ల జాబితాలో ఇంకో బిట్టు చేర్చారు, అంతే.

"తూర్పుకి తిప్పు" అన్న చిట్కానే తీసుకుందాం. నూటికి తొంభైసార్లు పనిచేస్తుంది. ఎందుకంటే కెర్బిన్ తన చుట్టూ తాను తిరుగుతూ భూమధ్యరేఖ దగ్గర సెకనుకి 175 మీటర్ల వేగం ఊరికే ఇస్తుంది. మన శ్రీహరికోటలో భూమి ఇచ్చే కానుక ఇంకా పెద్దది, సుమారు 450 మీటర్లు. ఎదురుగా సముద్రం కూడా తూర్పునే ఉంది. మరి అక్కణ్ణుంచి ధ్రువ కక్ష్యకి పోయే పీఎస్ఎల్వీ తూర్పుకి పోతుందా? పోదు. దానికి కావల్సింది ఉత్తర దక్షిణాలుగా తిరిగే కక్ష్య కాబట్టి ఆ కానుక అక్కర్లేదు. తిన్నగా దక్షిణానికి పోదామంటే దారిలో శ్రీలంక. అందుకని పక్కనుంచి పోయి, లంకని తప్పించుకుని అప్పుడు దక్షిణానికి మలుపు తిరుగుతుంది. దానికి ఇంధనం ఖర్చవుతుందని తెలిసే చేస్తారు. చిట్కా బట్టీపట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. కారణం తెలిసినవాడు మలుపు తిప్పుతాడు.

చిట్కాలకీ, సహజజ్ఞానానికీ కూడా లొంగని విషయం ఇంకోటుంది. కక్ష్యలో ముందు పోతున్న ఓడని అందుకోవడం. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం పెంచాలి, స్కూటర్ నడిపే ఎవరికైనా తెలుసు. 1965 జూన్‌లో జెమిని 4లో ఉన్న మెక్‌డివిట్ కూడా అదే చేశాడు. తమని మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ పై భాగం కళ్ళెదుట కనబడుతోంది. దానివైపు ఇంజిన్ మండించాడు. అది దగ్గరవ్వకపోగా దూరమైంది. ఇంధనం ఖర్చయిపోతోందని చివరికి వదిలేశారు. ఎందుకంటే వేగం పెంచితే కక్ష్య పెద్దదవుతుంది, పెద్ద కక్ష్యలో చుట్టు తిరగడానికి ఎక్కువ సేపు పడుతుంది. ముందున్నవాణ్ణి అందుకోవాలంటే వేగం తగ్గించి, కిందకి దిగి, దగ్గరి దారిలో పోవాలి. అదే ఏడాది డిసెంబరులో జెమిని 6ఏ, జెమిని 7 పక్కకి చేరాయి. లెక్క అర్థం చేసుకున్నాకే చేరాయి. మన ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కదా, అంతకుముందు రెండుసార్లు వాయిదా వేస్తే ఇక్కడ ఎంతమంది వెక్కిరించారో! వాళ్ళలో ఒక్కరైనా ఈ ఆటలో సొంతంగా ఒక్క డాకింగ్ చేసి ఉంటే నోరు మెదిపేవాళ్ళు కాదని పందెం.

ఇప్పుడు మెక్‌జెబ్ భక్తులు లేస్తారు. తెలియనివాళ్ళకి: అదొక ఆటోపైలట్ మాడ్. బటన్ నొక్కితే కక్ష్య, ఇంకో బటన్ నొక్కితే డాకింగ్. నాకు దానితో శత్రుత్వం లేదు. యాభయ్యోసారి అదే సరుకు అదే కక్ష్యకి పంపేటప్పుడు బటన్ నొక్కడమే తెలివి. రోజూ స్క్రిప్టులు రాసి పనులు ఆటోమేట్ చేసే ఉద్యోగం నాది, నేను కాదంటానా? కానీ మొదటి రోజే కొత్తవాడి చేతిలో అది పెట్టేవాళ్ళతోనే నా పేచీ. చేత్తో ఒక్కసారి చెయ్యని పనిని ఆటోమేట్ చేస్తే, అది చెడిపోయిన రోజున ఎక్కడ చూడాలో కూడా తెలీదు. ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఎవరికి ఫోను పోతుందో మీకూ తెలుసు. స్క్రిప్టు నడిపినవాడికి కాదు, అందులో ఏముందో తెలిసినవాడికి.

"కొత్తవాళ్ళు పదేపదే ఓడిపోతే ఆట వదిలేసి పోతారు, అందుకే చిట్కాలు ఇస్తాం" అన్న వాదన ఒకటుంది. ఇందులో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ ఈ ఆటలో ఓడిపోవడానికి ఖర్చెంత? ఒక్క రివర్ట్ బటన్. రాకెట్ పేలుతుంది, నొక్కితే మళ్ళీ లాంచ్‌ప్యాడ్ మీద ఉంటుంది. నిజం రాకెట్ కట్టేవాళ్ళు ఆ బటన్ కోసం ఆస్తులు రాసిస్తారు! జనం వదిలేసి పోయేది ఓడిపోయినందుకు కాదు, ఎందుకు ఓడిపోయారో తెలియనందుకు. చిట్కా దాన్నే దాచేస్తుంది.

తిట్టడమే తప్ప నువ్వేం చెప్తావోయ్ అంటారా? చెప్తా, అన్నీ కారణాలతోనే.

పారాచూట్ ఏ స్టేజిలో ఉందో బయల్దేరే ముందు చూసుకోండి. పొరపాటున ఇంజిన్‌తో పాటే ఒకే స్టేజిలో పడితే ఒకే నొక్కుకి రెండూ పనిచేస్తాయి.

మన్ మీద దిగడానికి పారాచూట్ మొయ్యకండి. అక్కడ గాలి లేదు, పట్టుకోవడానికేం దొరకదు. కెర్బిన్‌కి తిరిగొచ్చేటప్పుడు మాత్రం కావాలి.

కక్ష్యని పెద్దది చెయ్యాలంటే ఇంజిన్ అతి కింది బిందువు దగ్గర మండించండి. ఓడ అన్నిటికంటే వేగంగా పోయేది అక్కడే, అదే ఇంధనానికి ఎక్కువ శక్తి చేరుతుంది. మంగళయాన్ 2013 నవంబరులో భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్యని విడతలవారీగా పెంచుకున్నది ఈ పద్ధతిలోనే.

బిల్డింగ్‌లోనే డెల్టా-వి అంకె చూసుకోండి. 2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచీ ఆటలోనే చూపిస్తున్నారు, మాడ్ అక్కర్లేదు. కక్ష్యకి 3,400, అక్కణ్ణుంచి మన్ దాకా సుమారు 860. ఈ అంకెలు కూడా నేను చెప్పానని నమ్మకండి. ఎగరేసి చూడండి.

సీనియర్లకి ఒక్కటే విన్నపం. కొత్తవాళ్ళకి ఏదైనా చెప్పండి, ఎంతైనా చెప్పండి. కానీ ప్రతి చిట్కా చివర "ఎందుకంటే" అన్న మాట పెట్టి ఇంకో వాక్యం చెప్పండి. ఆ రెండో వాక్యం మీ నోట రాలేదనుకోండి, ఆ చిట్కా మీకూ తెలీదన్నమాట. దాన్ని ఇంకొకరికి అంటించకండి.

కాదంటారా? అయితే రండి, వ్యాఖ్యల్లో కొట్టుకుందాం. కారణాలతో మాత్రమే సుమా :)