మన పేర్లు - యంత్రపు గడులు

మొన్న మన జిల్లాలోని ఒక జనసేవా కేంద్రమునకు పనిపడి వెళ్ళితిమి. మాకు ముందు వరుసలో ఒక వృద్ధురాలు నిలిచి యున్నది. చేతిలో సంచి, సంచిలో ఆధార్ పత్రము, బ్యాంకు పుస్తకము, భర్త పేరనున్న భూమి పట్టా నకలు. పింఛను దరఖాస్తు కొరకు ఆమె వచ్చినది. ఆమె పేరు ఒక కాగితమున "వెంకట" అని మొదలగుచున్నది, రెండవదానిలో "భేంకట" అని, మూడవదానిలో ఒంటి పొడి అక్షరమే. కేంద్రము నడుపు కుర్రవాడు మంచివాడు. "మామ్మగారూ, కూర్చోండి" అని తెలుగులోనే ఆదరించి మూడుమారులు ప్రయత్నించినాడు. మూడుమారులును పేరు సరిపోలలేదని యంత్రము తిప్పికొట్టినది. "నా పేరు నాకు తెలియదా నాయనా?" అని ఆమె అడిగినది.

ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు ఆ కుర్రవాడు కాడు. మా వంటివారు చెప్పవలెను. ఏలననగా మేము కంప్యూటరు కార్యాలయమున కూర్చుండి ఇట్టి దరఖాస్తు పత్రములనే తయారుచేయు ఉద్యోగులము.

మా కార్యాలయ జీవితమును గూర్చి పాఠకులకు కొంత చెప్పుట అవసరము. ప్రతి ఉదయమును మేమందరము నిలుచుండి ఒక సమావేశము జరుపుదుము. నిలుచుండినచో త్వరగా ముగియునని దీనిని కనిపెట్టినవారి ఊహ. కాళ్ళు లాగుచున్నను అది ముగియదు. పిమ్మట ఎవరి పని వారికి పంచబడును. దరఖాస్తులో పేరునకు రెండు గడులు పెట్టవలెనని ఒకనాడు మాకు చెప్పిరి: సొంతపేరు, చివరిపేరు. చివరిపేరు గడి ప్రక్కన ఎఱ్ఱని నక్షత్రపు గుర్తు, అనగా ఆ గడి నింపనిదే పత్రము ముందునకు సాగదు. మేము ప్రశ్నింపక పెట్టితిమి. పరీక్షించునపుడు మేము వ్రాసి చూచిన పేర్లన్నియు రెండేసి పొట్టి మాటలవే. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక, నడుమ తాతగారి పేరో కులదైవము పేరో గల మన పేరు నొక్కదానినైనను మేము వ్రాసి చూడలేదు. మా సొంత పేరునైనను వ్రాయలేదు! ఇది మా తప్పు. దీనిని మరియొకరిపై నెట్టజాలము.

తెలుగువానికి చివరిపేరు లేదు. ఉన్నది ఇంటిపేరు, అది మొదట వచ్చును, వ్యవహారమున ఒక పొడి అక్షరమై నిలుచును. పాన్ కార్డు దరఖాస్తులోనో పొడి అక్షరములు పనికిరావు, అన్నియు విడమరచి వ్రాయవలెను. విడమరచిన ఇంటిపేరును ఒకడు చివరి గడిలో వ్రాయును, వేరొకడు మొదటి గడిలో వ్రాయును, ఇంకొకడు విసిగి తండ్రి పేరునే చివరిపేరుగా వ్రాయును. ఒకే ఇంటి అన్నదమ్ములు కాగితములయందు వేర్వేరు వంశములవారగుదురు. వివాహమైన ఆడుబిడ్డల సంగతి చెప్పనే అక్కరలేదు. పుట్టినింటి పేరుతో బడి పత్రము, మెట్టినింటి పేరుతో బ్యాంకు పుస్తకము.

మన జిల్లాలయందు ఈ చిక్కునకు తోడు లిపి చిక్కొకటి కలదు. ఆధార్ పత్రముపై ఆంగ్లముతోపాటు ఒక ప్రాంతీయ భాషయందును పేరు ముద్రింపబడును. ఇచ్చట అది సాధారణముగా ఒడియా. భూమి హక్కు పత్రములును ఒడియాలోనే యుండును. ఇందు మాకు ఆక్షేపణ లేదు. 1936 ఏప్రిల్ 1న జయపురము సంస్థానపు భూభాగము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లానుండి విడివడి ఒడిశా రాష్ట్రమున కొరాపుట్ జిల్లా అయినది. 1992 అక్టోబరు 2న అందుండి రాయగడ వేరు జిల్లా అయినది. 1954 నాటి చట్టముచే ఒడియా రాజభాష. మన పిల్లలు ఆ భాషను చదువుచున్నారు, చదువవలెను కూడ. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఒడియా, తెలుగు రెంటియందును పండితులై, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు దానము చేసిన నేల ఇది. ఇక్కడ భాషల పోరు మన సంప్రదాయము కాదు.

అయితే ఒడియా లిపిలో హ్రస్వమైన ఎకారమునకును ఒకారమునకును వేరుగా అక్షరములు లేవు. కనుక కొండలరావు "కోండలరాఓ" యగును. వకారమును అచ్చట తరచుగా భకారముతో వ్రాయుదురు. మనుష్యుడు చదివినచో ఏమియు నష్టము లేదు. పాతకాలపు గుమాస్తా కళ్ళజోడు సవరించుకొని, "ఓహో, వెంకటమ్మగారా!" అని ముద్ర వేసెడివాడు. యంత్రమునకు ఆ లోకజ్ఞానము లేదు. దానికి అక్షరమనిన ఒక అంకె. యూనికోడ్ అను ప్రపంచ పద్ధతిలో మన "వ" 3125, "భ" 3117. ఆ రెండును ఒకటే యని దానికి ఎవరైన ముందుగా చెప్పియుండవలెను. చెప్పవలసిన మేము చెప్పలేదు.

చెప్పుట అసాధ్యమా యనిన, కాదు. మన దేశమున సిద్ధమైన ఇస్కీ పద్ధతిలో భారతీయ లిపులలో పెక్కింటికి ఒకే వరుస. యూనికోడ్ ఆ వరుసనే గ్రహించినది. ఒడియాకు 128 స్థానముల గది, తరువాత తమిళమునకు అట్టిదే, ఆపైన తెలుగునకు. అందుచేత ఒడియా అక్షరపు అంకెకు 256 కలిపినచో చాలవరకు దానికి సరియైన తెలుగు అక్షరము వచ్చును. ఒడియా భకారము 2861. 256 కలిపిన మన భకారము. ఇన్‌స్క్రిప్ట్ అను మీటల పలకలో ఒకే ధ్వనికి ఒకే మీట. ఒడియా టైపు చేయు గుమాస్తా అవే వ్రేళ్ళతో తెలుగును టైపు చేయగలడు. గుణుపురము ప్రాంతమున మంగెయి గొమాంగొగారు 1936లో సవర భాషకు కల్పించిన లిపికి సైతము 2012లో యూనికోడ్‌నందు చోటు దొరకినది. ఇక లేనిదేమి? అడుగువారు లేరు.

ఒక్క అక్షరము కొరకు అంత పట్టుదల ఏల యని అధికారులు అనవచ్చును. 2011లో ఈ రాష్ట్రము తన పేరును "ఒరిస్సా" నుండి "ఒడిశా" గాను, తన భాష పేరును "ఒరియా" నుండి "ఒడియా" గాను సరిదిద్దుకొన్నది. భాష పేరు మార్చుటకు రాజ్యాంగమునే సవరింపవలసి వచ్చినది. న్యాయమైన కోరిక, మనమందరము సంతోషించితిమి. యూనికోడ్ పట్టికలో మాత్రము, ఒకసారి పెట్టిన పేరు మార్చరాదను నియమముచేత, ఆ గదికి నేటికిని "ఒరియా" యనియే పేరు. పేరు తప్పు పడిన బాధ ఎట్టిదో ఈ ప్రభుత్వమునకు మనము క్రొత్తగా చెప్పనక్కరలేదు.

మన తప్పులును కొన్ని కలవు. బడిలో చేర్చుననాడు మాస్టరుగారు ఏమి వ్రాసిన అదే అని తలయూపి వచ్చుదుము. ఇంట ముగ్గురు మూడు విధముల సంతకము చేయుదుము. మన యువకులు తెలుగునైనను ఆంగ్లాక్షరములతోనే ఫోనులో వ్రాయుదురు. ఒక పేరునకు ఎన్ని వర్ణక్రమములు పుట్టవలెనో అన్నియు అక్కడనే పుట్టుచున్నవి. ప్రతి కుటుంబమును పెద్దల, పిల్లల పేర్లను తెలుగు, ఒడియా, ఆంగ్లము మూడింటను నిర్ణయించి ఒక కాగితమున వ్రాసియుంచుకొని, ఏ కేంద్రమునకు వెళ్ళినను దానినే చూపుట మంచిది. పిల్లను బడిలో చేర్చుటకు ముందే ఈ పని కావలెను, పదవ తరగతి పత్రము వచ్చిన పిదప కాదు.

సంఘము చేయవలసిన పని వేరు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలో నున్న ఏ భాషయందైనను తన కష్టమును అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతివానికిని కలదు. ఆ విన్నపము కాగితముపై పోయిన నేమి, ఆన్‌లైన్‌లో పోయిన నేమి? తెలుగున వ్రాసిన అర్జీని స్వీకరింపుమని, ఒకే పేరు రెండు లిపులలో కొద్దిగా మారినంత మాత్రమున దరఖాస్తును త్రోసివేయక ఒక మనిషి కంటికి పంపుమని, సంఘము తెలుగున, ఒడియాలో రెండు ప్రతులుగా అర్జీ వ్రాయవలెను. 1956 నాటి సవరణతో ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరుగారికి ఒక ప్రతి పోవలెను. సాంకేతికమైన భాగము వ్రాసి యిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.

ఆ వృద్ధురాలిని నోటరీ కడకు పోయి ప్రమాణపత్రము తెమ్మనిరి. ఆ పత్రమునందు ఆమె పేరు ఏ విధముగ వ్రాయవలెనో కుర్రవాడు ఒక చీటీపై వ్రాసి యిచ్చినాడు. మేము తిరిగి వచ్చి, చివరిపేరు గడి ప్రక్కనున్న నక్షత్రపు గుర్తును తీసివేయవలెనని మా కార్యాలయమున వ్రాసితిమి. అది చిన్న మార్పే గాని అత్యవసరము కాదని, పై విడతలో చూతమని బదులు వచ్చినది. మరల వ్రాసితిమి.