శబ్దాలంకారపు కార్లు

అలంకారశాస్త్రంలో మొదటి పాఠం చెప్పేటప్పుడు అలంకారాలు రెండు తెగలని విద్యార్థులకు చెప్పేవాడిని. చెవికి ఇంపు కలిగించేది శబ్దాలంకారం. మనసుకు భావాన్ని విప్పి చూపేది అర్థాలంకారం. చెప్పదగిన భావం లేనప్పుడు అనుప్రాస ఎంత దట్టించినా అది పద్యమవుతుందేమో గాని కవిత్వం కాదు. ఉద్యోగ విరమణ తర్వాత ఈ పాఠాన్ని కార్లకు అన్వయించవలసి వస్తుందని అనుకోలేదు. కాని మా మల్దకల్ ప్రాంతంలో కారు కొనదలచిన యువకుల నోట ‘స్పోర్ట్ మోడ్’ అన్న మాట తరచుగా వినబడుతున్నది. అందులో అర్థమెంతో, చప్పుడెంతో తేల్చక తప్పదు.

నా వాదం ముందే చెబుతాను. వేగంగా పోగల కారే కావాలనుకుంటే, సామానుకు చోటున్న ఎస్టేటు కారు పొట్టి హ్యాచ్‌బ్యాక్ కంటె మేలు. స్పోర్ట్ మోడ్ అనే మీట కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు. మన ఊళ్ల రోడ్ల మీద ఆ మీట నొక్కి విజృంభించడం క్రీడ కాదు, పరుల ప్రాణాలతో ఆడే జూదం.

ముందు మాటల సంగతి. వెనుక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచే పొట్టి కారు హ్యాచ్‌బ్యాక్. దాని పైకప్పును వెనుక చక్రాల అవతలికి సాగదీసి, సామానుకు చోటు పెంచితే ఎస్టేటు. రైల్వే స్టేషనుకు మనుషులను, పెట్టెలను చేరవేసిన బండి గనుక అమెరికావారు దానిని స్టేషన్ వాగన్ అన్నారు. భూస్వాముల ఎస్టేట్లలో పనికివచ్చిన బండి గనుక ఆంగ్లేయులు ఎస్టేట్ అన్నారు. రెండు పేర్లలోనూ పని కనబడుతుంది. వేగపు హ్యాచ్‌బ్యాక్‌కు పెట్టిన ‘హాట్ హ్యాచ్’ అన్న పేరులో కనబడేది వేడి ఒక్కటే.

ఇక ఆ మీట చేసే పని ఏమిటి? నేటి కార్లలో యాక్సిలరేటర్‌కు తీగతో ఇంజనుతో నేరు సంబంధం లేదు. పాదం ఎంత నొక్కిందో ఒక సెన్సర్ కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. ఇంజనుకు ఎంత గాలి, ఎంత ఇంధనం అందాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. స్పోర్ట్ మోడ్‌లో ఆ లెక్క మారుతుంది. పావువంతు నొక్కితే సగం నొక్కినంత స్పందన వస్తుంది. ఆటోమేటిక్ గేరు అయితే పై గేరుకు ఆలస్యంగా మారుతుంది. స్టీరింగు బిగువెక్కుతుంది. ఖరీదైన కార్లలో షాక్ అబ్జార్బర్లు గట్టిపడతాయి. కొన్నిటిలో ఇంజను గర్జనను స్పీకర్ల ద్వారా లోపలికి వినిపిస్తారు. శబ్దాలంకారమని నేనన్నది ఉత్ప్రేక్ష కాదు, అక్షరసత్యం!

చాలా కార్లలో ఈ మీట వల్ల గరిష్ఠ శక్తి ఒక్క గుర్రమంత కూడా పెరగదు. 2015లో వచ్చిన టాటా బోల్ట్ హ్యాచ్‌బ్యాక్‌లో ఎకో, సిటీ, స్పోర్ట్ అని మూడు మోడ్‌లుండేవి. ఏ మీట నొక్కినా ఆ పెట్రోలు ఇంజను 90 అశ్వశక్తిని దాటేది కాదు. ఉన్నదాన్నే తొందరగా విదిల్చడం వేరు, లేనిదాన్ని సంపాదించడం వేరు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఏ మోడూ టైరుకు రోడ్డు మీద పట్టు పెంచదు. కారు ఆగడానికి పట్టే దూరాన్ని తగ్గించదు.

పాతకాలపు గొప్ప కార్లకు ఈ మీటల అవసరమే రాలేదు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ చూపిన మొదటి గోల్ఫ్ జీటీఐకి ఉన్నది 110 అశ్వశక్తి మాత్రమే. తొలుత 5,000 కార్లు చేస్తే చాలుననుకున్నారు. అది ఒక జాతికే మూలపురుషుడైంది. తేలిక శరీరమే దాని రహస్యం. 1994లో ఆడి సంస్థ పోర్షె సాయంతో ఆర్‌ఎస్2 అవాంట్ అనే ఎస్టేటును 315 అశ్వశక్తితో తెచ్చింది. కుటుంబాన్నీ సామాన్లనూ మోస్తూనే ఆనాటి క్రీడాకార్లను అది వెనుకబెట్టింది. ఆ రెండింటిలోనూ వేగం ఇంజనులో, చట్రంలో ఉంది, మీటలో లేదు.

నేటి పోలిక చూద్దాం. 2025లో మన దేశానికి రెండు వేగపు కార్లు దిగుమతి అయ్యాయి. మే నెలలో గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు, అక్టోబరులో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ దాదాపు 50 లక్షలకు వచ్చాయి. రెండూ ఒకే వంశం. రెండింటిలోనూ అదే 2 లీటర్ల ఇంజను, అదే 265 అశ్వశక్తి, అదే 7 గేర్ల పెట్టె. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి గోల్ఫ్‌కు 5.9 సెకన్లు, ఆక్టేవియాకు 6.4 సెకన్లు పడుతుందని తయారీదారులే చెబుతారు. తేడా అర సెకను. ఆ అర సెకనుకు బదులుగా దక్కేదేమిటో కూడా చూడండి. గోల్ఫ్ డిక్కీ సుమారు 380 లీటర్లు, ఆక్టేవియాది 600 లీటర్లు. విదేశాల్లో అమ్మే ఆక్టేవియా ఎస్టేటులో 640 లీటర్లు. అర సెకను మిగిల్చుకొని మీరేం చేస్తారు? ఆ చోటు మాత్రం పెళ్లికి పోయేనాడు, ఆసుపత్రికి పోయేనాడు, పిల్లను హాస్టల్లో దింపేనాడు అక్కరకు వస్తుంది. ఈ మేలైన రూపాన్ని మాత్రం మనకు తేలేదు.

ఎందుకు తేలేదంటే, మనవారు కొనరని అంటారు. ఇది సగం నిజం. 1992లో టాటా ఎస్టేట్, 2004లో ఇండిగో మెరీనా వచ్చాయి, నిలదొక్కుకోలేదు. మిగతా సగం పన్నులో ఉంది. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజనైతే 1.2 లీటర్లు, డీజిలైతే 1.5 లీటర్ల లోపు ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత నాటి నుంచి చెరగలేదు. 2025 సెప్టెంబరు 22న మారిన జీఎస్టీలోనూ చిన్న కార్లకు 18 శాతం, దాటినవాటికి 40 శాతం. ఎస్టేటు ప్రాణమంతా వెనుక భాగంలోనే ఉంటుంది. చట్టం కత్తిరించింది సరిగ్గా దానినే. 2008లో టాటావారు ఇండిగో సెడానును సైతం 4 మీటర్లకు కుదించి అమ్మారు. పొడవు పెంచితే శిక్ష పడుతుంది గనుక తయారీదారులు ఎత్తు పెంచారు, మీటలు పెంచారు. మీటకు కొలబద్ద లేదు, పన్నూ లేదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఇప్పుడు మా నేల మీదికి వస్తాను. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ విత్తన పత్తి సాగుకు పేరు పొందింది. పత్తి పూతకు వచ్చే కాలంలో క్రాసింగ్ పనికి తెల్లవారకముందే కూలీలు ఆటోల్లో కిక్కిరిసి బయలుదేరుతారు. గద్వాల నుంచి మల్దకల్ మీదుగా అయిజకు పోయే రోడ్డు మీద ఆ ఆటోలు, వెనుక దీపం లేని ట్రాక్టర్లు, గొర్రెల మందలు, కోతల కాలంలో సగం రోడ్డు ఆక్రమించి ఆరబోసిన ధాన్యం, అన్నీ ఉంటాయి. ఆ ఆటోల్లో నా వద్ద చదువుకున్న ఆడపిల్లలున్నారు. ఇప్పుడు వారి పిల్లలూ ఉన్నారు. ఈ వ్రాతకు నన్ను పురికొల్పింది కార్ల మీద మోజు కాదు.

లెక్క చేసి చూడండి. 20 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే 20 నిమిషాలు. 80తో పోతే 15 నిమిషాలు. మిగిలింది 5 నిమిషాలు. కాని కారులోని గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. 120తో పోతే 4 రెట్లు. 80 వేగంలో, కళ్లు చూసి కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులోనే కారు 22 మీటర్లు పోతుంది. ఆ 22 మీటర్లలో ఆటో ఉంటే స్పోర్ట్ మోడ్ ఏం చేయగలదు?

ప్రతివాదులు మూడు మాటలు అంటారు. మొదటిది, లారీని దాటడానికి చురుకుదనం కావాలి కదా అని. నిజమే. కాని పెడల్ పూర్తిగా నొక్కితే సాధారణ మోడ్‌లోనూ ఇంజను తన శక్తినంతా ఇస్తుంది. దాటడానికి కావలసింది ఎదుటి రోడ్డు ఖాళీగా ఉందన్న నిశ్చయం.

రెండవది, ఎస్టేటు అంబులెన్సులా ఉంటుందని. అందం చూసేవారి కంటిలో ఉంటుంది. అంబులెన్సు ప్రాణం కాపాడుతుంది గనుక ఆ పోలికను నేను నిందగా తీసుకోను.

మూడవది, వేగం ఒక ఆనందం, ముసలివారికి అది తెలియదని. తెలుసు నాయనా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగింది. నగరం నడిబొడ్డు రోడ్లే అవి. కాని పందెం కోసం వాటిని మూసి, ఇరువైపులా కాంక్రీటు గోడలు నిలిపి, ప్రేక్షకులను అవతల కూర్చోబెట్టారు. అందువల్లనే అది క్రీడ అయింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి ట్రాకులు ఈ ఆనందం కోసమే ఉన్నాయి. క్రీడకు మొదటి నియమం, అందులో ఉన్నవారంతా ఆడడానికి ఒప్పుకొని వచ్చి ఉండాలి. క్రాసింగ్ పనికి పోయే కూలీ మీ ఆటకు ఒప్పుకోలేదు.

కనుక కారు కొనబోయేవారికి నా మనవి ఇది. అమ్మేవారు మోడ్‌ల పేర్లు వల్లించేటప్పుడు ఆపి, మూడు ప్రశ్నలు అడగండి. వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులున్నాయా? టైర్లు ఎంత వెడల్పు, ఎవరి తయారీ? 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి ఎన్ని నక్షత్రాలు? ఈ ప్రశ్నలకు తడుముకునేవారు మీకు చప్పుడు అమ్ముతున్నారని గ్రహించండి. ప్రభుత్వానికి మనవి, కారు పొడవును బట్టి పన్ను వేసే పద్ధతి మాని, బరువును, పొగను, భద్రతను బట్టి వేయండి. అప్పుడు ఎస్టేటు తనంతట తానే తిరిగి వస్తుంది.

కాదనే మిత్రులుంటే వ్యాఖ్య వ్రాయండి, తప్పక జవాబిస్తాను. అయితే మీట పేరుతో కాక, బ్రేకు లెక్కతో వాదించండి.