తాళం వేసిన పాట

ఈ మధ్య ఒక ఉత్సవంలో పాడమని మాకు తెలిసిన జానపద గాయకుడికి ఉత్తరం వచ్చింది. దారిఖర్చులు, బస, శాలువా అన్నీ రాసి, చివర్లో ఓ మాట చేర్చారు: నాట్ల పాటలు, జాతర పాటలు పాడండి, సంఘటనల మీద కట్టినవి వద్దు, అవి జానపదం కిందికి రావు అని. ఆయన ఆ కాగితం తెచ్చి మా బల్ల మీద పెట్టి, "మీరే చూడండి సార్" అని వెళ్ళిపోయాడు. పంపినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి ఉత్తరం ఈ రోజుల్లో ఎవరైనా రాయగలరు. మా బాధంతా అక్కడే.

సంఘటన మీద కట్టింది జానపదం కాదని ఎవరు తేల్చారు? బొబ్బిలి కథ 1757 నాటి ఊచకోత గురించి కాక మరి దేని గురించి? సర్వాయి పాపన్న కథ ఎవరి మీద కట్టారు? పాత నెత్తురు ఎండి రంగు మారితే సంప్రదాయం, కొత్త నెత్తురైతే రాజకీయమా?

ఈ ప్రశ్నలతో సతమతమవుతుంటే మాకు ఐర్లండు గాయకుడు క్రిస్టీ మూర్ జీవితం గుర్తొచ్చింది. ఐర్లండు మనకు మరీ పరాయి నేల కాదు. వి.వి. గిరి గారు డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివారు. అక్కడ తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

మూర్ 1945లో కిల్డేర్ జిల్లా న్యూబ్రిడ్జ్‌లో పుట్టాడు. పదకొండేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్నాడు. చదువయ్యాక బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. 1966లో బ్యాంకు ఉద్యోగులు సమ్మె చేశారు. ఆ సమ్మె కాలంలో ఇంగ్లండు వెళ్ళి, చిన్నాచితకా పనులు చేస్తూ రాత్రిళ్ళు జానపద క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టినవాడు మళ్ళీ ఆ కుర్చీలోకి తిరిగి రాలేదు. 1969లో మొదటి రికార్డు వేశాడు. కానీ ఆయనకు అసలు బడి అంతకుముందే దొరికింది. రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే ఊళ్ళో జాన్ రైలీ అని ఒకాయన ఉండేవాడు. ట్రావెలర్లంటారే, మన సంచార జాతుల్లాంటి వాళ్ళు, ఆ కులస్థుడు. మూర్ ఇరవై ఏళ్ళు కూడా నిండకముందే ఆయన పాట విన్నాడు.

ఆ రైలీ నోట్లో ఓ పాత పాట బతికి ఉంది. లోయ అడుగున ఒక బావి. నీళ్ళకొచ్చిన ఆడమనిషిని ఒక బాటసారి దాహమడుగుతాడు. మాటల్లోనే ఆమె ఎక్కడెక్కడ ఎందరు పసిగుడ్డుల్ని పాతిపెట్టిందో లెక్క చెప్పేస్తాడు. ఆ బిడ్డల తండ్రులు ఆమె ఇంటి మగవాళ్ళే. జనం నోట ఇక లేదని పండితులు వదిలేసుకున్న ఈ పాటను టామ్ మన్నెల్లీ అనే సేకర్త రైలీ దగ్గర టేపు మీదికి ఎక్కించాడు. రైలీ మాత్రం 1969లో, చలికి ఆనని కొంపలో, ఎవరూ పట్టించుకోని స్థితిలో పోయాడు. ఆయన గొంతు రికార్డుగా బయటికొచ్చేసరికి చనిపోయి తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు చెప్పండి, ఆ బావి పాట ఏమిటి? పల్లె సింగారమా? ఒక ఇంట్లో జరిగిన ఘోరానికి ఊరు చెప్పుకున్న సాక్ష్యం అది. కోర్టుకెక్కని నేరాన్ని పాటలో దాచుకున్నారు. ఎవరు చేశారో పేరు పెట్టి చెప్పలేదు, ఏం జరిగిందో మాత్రం ఒక్క మాట వదల్లేదు.

1971 వేసవిలో మూర్ తన అక్కచెల్లెళ్ళలో ఒకరింట్లో, ప్రాస్పరస్ అనే పల్లెలోని పాత బంగళా నేలమాళిగలో, స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని ఒక ఆల్బం రికార్డు చేశాడు. అందులోంచే ప్లాంక్స్‌టీ బృందం పుట్టింది. లియమ్ ఓఫ్లిన్ ఇలన్ పైప్స్ వాయించేవాడు. దానికి నోటితో ఊదే పని లేదు, మోచేతి కింద కొలిమితిత్తిలాంటి తిత్తి ఉంటుంది. డోనల్ లన్నీ, ఆండీ అర్విన్ చేతుల్లో గ్రీకు దేశపు బుజూకీ ఐరిష్ వాద్యమైపోయింది. మూర్ బౌరాన్ పట్టేవాడు. చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం అది, మన డప్పుకు దూరపు చుట్టం. ఎడమ చెయ్యి వెనక నుంచి తోలును అదుముతుంటే శ్రుతి మారుతుంది. తర్వాతి రోజుల్లో ఆయన నిండు సభలో ఆ ఒక్క తోలు మీదే, వేరే తోడు లేకుండా, పాట మొత్తం నడిపేవాడు. 1973లో వచ్చిన ప్లాంక్స్‌టీ రెండో ఆల్బానికి రైలీ బావి పాట పేరే పెట్టుకున్నారు.

అంగట్లో ఈ సంగీతానికి 'కెల్టిక్' అని చీటీ అంటించారు. ఆ చీటీ ఉన్న అరలో పొగమంచు, వీణలాంటి హార్ప్, పచ్చిక కొండలు కనిపిస్తాయి. వాయించేవాళ్ళు మాత్రం దాన్ని సంప్రదాయ సంగీతమనే అంటారు. చీటీ చెప్పని సంగతులు మూర్ జీవితంలో చాలా ఉన్నాయి. ఇతరుల పాటలు పాడి పాడి, నలభైకి దగ్గరపడుతున్నప్పుడు ఆయన సొంతంగా కట్టడం మొదలుపెట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్ళిన ఐరిష్ వాళ్ళ మీద కట్టాడు. లిస్‌డూన్‌వార్నా ఉత్సవం మీద కట్టాడు. ఆపైన స్టార్‌డస్ట్ మీద కట్టాడు.

1981 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున డబ్లిన్ ఆర్టేన్ పేటలో స్టార్‌డస్ట్ నైట్‌క్లబ్ తగలబడింది. 48 మంది చనిపోయారు, అందరూ పడుచువాళ్ళే. 200 మందికి పైగా గాయపడ్డారు. ఐదుగుర్ని గుర్తుపట్టలేక ఒకేచోట పూడ్చారు. వాళ్ళ పేర్లు తేలడానికి 2007లో డి.ఎన్.ఏ. పరీక్ష దాకా ఆగాల్సి వచ్చింది. విచారణ ట్రిబ్యునల్ 1982లో, ఎవరో కావాలనే నిప్పు పెట్టి ఉండొచ్చని రాసింది. ఆ ఒక్క మాట ఆధారంగా యజమానులకు నష్టపరిహారం దక్కింది. పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళకు మిగిలింది అనుమానం: మీ పిల్లల్లోనే ఎవరో అంటించారేమో!

1985లో మూర్ ఆ రాత్రి మీద పాట కట్టి ఆల్బంలో చేర్చాడు. బయటికి పోయే తలుపులకు గొలుసులు వేసి ఉన్నాయని అందులో ఉంది. అది కోర్టు ధిక్కారమని హైకోర్టు తేల్చింది. ఆల్బాన్ని దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు. ఆ పాట తీసేసి, దాని చోట వేరే పాట పెట్టి మళ్ళీ విడుదల చేశారు. కొత్త పాటకు ఆయన పెట్టిన పేరు 'మరో పాట పుట్టింది' అని అర్థమిచ్చేది.

ఆ ప్రమాదం మీద వ్యాజ్యాలు నడుస్తుండగా పాట తీర్పరుల మనసు మీద పని చెయ్యొచ్చన్న వాదాన్ని మేము కొట్టిపారెయ్యం. కానీ మనసు మీద పని చేసింది పాట ఒక్కటేనా? 1982 నాటి ఆ ట్రిబ్యునల్ మాట 2009 దాకా, ఇరవయ్యేడేళ్ళు, ఆ దేశం రికార్డుల్లో చెక్కుచెదరకుండా కూర్చుంది. నిప్పు పెట్టారనడానికి సాక్ష్యం లేదని అప్పుడు గానీ ఒప్పుకోలేదు. అబద్ధానికి రాజముద్ర వేసినప్పుడు ధిక్కారం గుర్తుకు రాలేదు. బౌరాన్ పట్టుకున్నవాడు గొలుసుల మాట ఎత్తగానే గుర్తొచ్చింది. మన గరిమెళ్ళ సత్యనారాయణను పాట రాసినందుకు జైల్లో పెట్టిన తెల్లదొరలకూ ఈ తేడా బాగా తెలుసు. పాట నోటికెక్కితే దాన్ని జప్తు చెయ్యడం ఎవరి తరమూ కాదు. అందుకే అది నోటికెక్కకముందే అడ్డుపడతారు. కోర్టు ఉత్తర్వు ఒక దారి. "ఇది జానపదం కాదు" అని శాలువాతోపాటు పంపే ఉత్తరం ఇంకో దారి. ఆ రెండో దారి నెమ్మదైనది కనుక మరింత ప్రమాదమని మా అభిప్రాయం.

మూర్ పాటకు ఆ బలం ఎక్కడిదని అడిగేవాళ్ళకు రైలీ బావినే చూపిస్తాం. ఎవర్నీ తిట్టకుండా, ఏం జరిగిందో వరసగా చెప్పి ఊరుకోవడం ఆ సంచార గాయకుడి దగ్గర వింటూ వింటూ అబ్బిన విద్య. ఇరవై ఏళ్ళు పాతవి పాడినవాడు కాబట్టే కొత్తది అలా కట్టగలిగాడు. పాత పాటల్ని ఉంచి, వాటి బుద్ధిని మాత్రం వదిలేసి రమ్మనడం, గింజ తీసేసి పొట్టు వండి పెట్టమన్నట్టుంది.

2024 ఏప్రిల్ 18న, మళ్ళీ జరిపిన మరణ విచారణలో జ్యూరీ తీర్పు చెప్పింది. 48 మందివీ అక్రమ హత్యలన్నారు. నిప్పు ఒక అల్మరాలో విద్యుత్ లోపం వల్ల పుట్టిందన్నారు. తలుపులకు తాళాలో గొలుసులో అడ్డులో ఉన్నాయన్నారు. తర్వాతి వారం ప్రధాని పార్లమెంటులో నిలబడి రాజ్యం తరఫున క్షమాపణ అడిగాడు. ఇద్దరు కూతుళ్ళను ఆ మంటల్లో పోగొట్టుకుని, దాదాపు నలభై ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఒక తల్లి ఆ మాట వినలేకపోయింది. 2020లోనే కన్నుమూసింది.

అదే ఏప్రిల్‌లో డబ్లిన్ స్మృతివనంలో ఆ కుటుంబాలన్నీ కూడాయి. క్రిస్టీ మూర్ వచ్చాడు. అప్పటికి ఆయనకు 79వ ఏడు నడుస్తోంది. దుకాణాల్లోంచి తీయించిన ఆ పాటనే వాళ్ళ ఎదుట నిలబడి పాడాడు.